స్టేషన్ పిల్లవాడు హోం నుంచి మళ్లీ ప్లాట్‌ఫాం మీదికే వస్తే

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మీ ఊరి జంక్షన్‌లో ఒంటరిగా తిరుగుతున్న పదకొండేళ్ల అబ్బాయి గురించి మీరే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పారు. వాణ్ణి హోంలో చేర్చారు. పన్నెండో రోజుకల్లా అదే ప్లాట్‌ఫాం మీద, గుడ్డలో సొల్యూషన్ (మత్తు కోసం పీల్చే పంక్చర్ జిగురు) పీలుస్తూ మళ్లీ కనిపించాడు. ఒళ్లంతా గజ్జి. మళ్లీ ఫోన్ చేయాలా, చేస్తే లాభముంటుందా, ఈ పిల్లలు అసలు ఎందుకు తిరిగొస్తారు అని మీ బాధ.

ఫోన్ చేయాల్సిందే. అయితే ముందు ఒక సంగతి తేల్చుకోండి: వాడు ఇల్లు వదిలి ఎన్నాళ్లయింది? మనం ఏం చేయాలన్నది దీన్ని బట్టే ఉంటుంది. నిన్నో మొన్నో బండి దిగిన పిల్లవాడి విషయంలో గంటలు లెక్క. ఏడాదిగా స్టేషన్‌లో బతుకుతున్నవాడి విషయంలో వారాలు, నెలలు లెక్క. ఇద్దరికీ ఒకే మందు వేస్తే రెండోవాడు గోడ దూకుతాడు. మీవాడి విషయంలో జరిగింది అదే అనుకుంటున్నాను.

కొత్తగా వచ్చినవాణ్ణి గుర్తుపట్టడం కష్టం కాదు. కాళ్లకు చెప్పులుంటాయి, చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకుని ఉంటాడు. భుజాన బడి సంచి, ఒక్కోసారి ఒంటి మీద యూనిఫాం. ఏదో ఒక కుటుంబం పక్కన, వాళ్ల పిల్లాడే అనిపించేలా ఒదిగి కూర్చుంటాడు. బండి వచ్చినప్పుడల్లా లేచి చూస్తాడు కానీ ఎక్కడు. ఖాకీ చొక్కా కనబడితే కుళాయి వైపు నడుస్తాడు. పాతవాడి తీరు వేరు. పాదాలు పగిలి, మడమలు నల్లగా మొద్దుబారి ఉంటాయి. అనౌన్స్‌మెంట్ కంటే ముందే కదులుతాడు, ఎందుకంటే ప్యాంట్రీ కార్ ఎక్కడ ఆగుతుందో, ఏ బోగీలో ఖాళీ సీసాలు ఎక్కువ దొరుకుతాయో వాడికి తెలుసు. పట్టపగలు జనం మధ్య నిద్రపోతుంటాడు. దాన్ని సోమరితనమనుకోకండి. రాత్రి ఒళ్లు తెలియకుండా పడుకుంటే జేబు ఖాళీ కావచ్చు, దెబ్బలు పడొచ్చు, అంతకంటే ఘోరమూ జరగొచ్చు. అందుకే నలుగురూ చూస్తున్నప్పుడే కన్ను మూస్తాడు.

కొత్తవాడు కనిపిస్తే అక్కడే, ఆ నిమిషమే ఫోన్ చేయండి. 1996లో ముంబైలో మొదలైన చైల్డ్‌లైన్ 1098ని 2023 నుంచి రాష్ట్ర ప్రభుత్వాలే నడుపుతున్నాయి, అత్యవసర సేవల 112తో దాన్ని కలిపారు. మీరున్నది రైల్లో అయితే రైల్వే హెల్ప్‌లైన్ 139కి చెప్పినా రైల్వే రక్షణ దళం ఆర్‌పీఎఫ్‌కు కబురు వెళ్తుంది. పెద్ద స్టేషన్లలో పిల్లల హెల్ప్ డెస్క్ ఉంటుంది, ఉంటే నేరుగా అక్కడికే తీసుకెళ్లండి. ఫోన్లో స్టేషన్ పేరు, ప్లాట్‌ఫాం నంబరు, దగ్గర్లోని గుర్తు (బ్రిడ్జి మెట్లు, టీ స్టాల్, స్తంభం నంబరు), పిల్లవాడి చొక్కా రంగు, సుమారు వయసు చెప్పండి. వాళ్లు వచ్చేదాకా పక్కనే కూర్చోండి. చెయ్యి పట్టుకోకండి. తినడానికి ఏదైనా కొనిపెట్టి, మీరూ కొంచెం తినండి. పిల్లవాణ్ణి జాలిపడి మీ ఇంటికి మాత్రం తీసుకెళ్లకండి. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 32వ సెక్షన్ ప్రకారం, దిక్కులేకుండా దొరికిన పిల్లల బాధ్యత తీసుకున్న ఎవరైనా సరే, ప్రయాణ సమయం పోగా 24 గంటల్లో చైల్డ్‌లైన్‌కో, పోలీసులకో, బాలల సంక్షేమ సమితికో (ఇలాంటి పిల్లల సంగతి తేల్చే జిల్లా సంస్థ) తెలియజేయాలి. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు, పది వేల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. మంచి మనసుతో చేసినా చట్టం దృష్టిలో అది దాచిపెట్టడమే అవుతుంది.

ఒంటరి ఆడపిల్ల కనబడితే గంట కూడా ఆలోచించకండి. స్టేషన్లలో ఆడపిల్లలు తక్కువగా కనిపించడానికి కారణం వాళ్లు ఇల్లు వదలకపోవడం కాదు. దిగిన కాసేపటికే ‘పని ఇప్పిస్తాను, మా ఇంట్లో పడుకో’ అనేవాళ్లు వచ్చి తీసుకెళ్లిపోతారు. కొందరు జుట్టు కత్తిరించుకుని మగపిల్లల బట్టల్లో తిరిగేది కూడా ఈ భయంతోనే. లైంగిక దాడి జరిగిందన్న అనుమానం ఉంటే పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం వర్తిస్తుంది. అప్పుడు పోలీసులకు చెప్పడం మన ఇష్టాయిష్టాల మీద ఉండదు, తప్పనిసరి. పిల్లను మీరు గుచ్చి గుచ్చి అడగకండి. వాంగ్మూలం వీలైనంత వరకు మహిళా అధికారి, యూనిఫాం లేకుండా తీసుకోవాలి. ఆడపిల్లకు వైద్య పరీక్ష చేయాల్సింది మహిళా డాక్టరే.

ఇప్పుడు మీవాడి లాంటి పాతవాళ్ల సంగతి. మనకు స్టేషన్ ఒక నిలువనీడ లేని చోటులా కనిపిస్తుంది. వాడికి అక్కడ సంపాదన ఉంది, స్నేహితులున్నారు, అడిగేవాళ్లు లేరు. సీసాలు ఏరితే పాత సామాన్ల కొట్టువాడు రోజూ డబ్బులిస్తాడు. ఆ డబ్బు దాచుకునే చోటు మాత్రం వాడికి లేదు. జేబులో పెట్టుకుంటే రాత్రికి పెద్ద కుర్రాళ్లు లాక్కుంటారు. అందుకే చీకటి పడేలోగా తిండికి, ఫోన్లో ఆటలకు, సొల్యూషన్‌కు అంతా ఖర్చుపెట్టేస్తాడు. దుబారా కాదు, పోగొట్టుకోవడం కంటే తినేయడం నయమన్న లెక్క. కొందరు కొట్టువాడి దగ్గరే దాస్తారు. కొన్నాళ్లకు ఆ కొట్టువాడే బ్యాంకు, అప్పుల వాడు, యజమాని అన్నీ అయిపోతాడు. వాడు ఎంత ఇస్తే అంతే కూలి.

హోంలో చేరిన మొదటి పదిహేను రోజుల్లో ఇవన్నీ ఒక్కసారే పోతాయి. కలిసి పడుకునే స్నేహితుణ్ణి వేరే హోంకు పంపేస్తారు. చేతిలో పైసా ఉండదు. గేటుకు తాళం. మొదటిరోజే గుండు కొట్టిస్తారు. శుభ్రత కోసమే అయినా వాడికి అది శిక్షలా తోస్తుంది. పైగా మత్తు మానిన మొదటి వారం నిద్ర పట్టదు, తలనొప్పి, చిరాకు, వణుకు, ఎవరి మీద పడితే వాళ్ల మీద కోపం. సరిగ్గా ఆ రోజుల్లోనే సిబ్బంది వాణ్ణి ‘మొండివాడు’ అని ముద్రవేస్తారు. వాడు గోడ దూకేదీ ఆ రోజుల్లోనే. తెలంగాణలో ఇలాంటి పిల్లల కోసం పోలీసుల తనిఖీలు ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో జరుగుతాయి. వాటివల్ల కొత్త పిల్లలు, బానిస చాకిరీలో ఉన్నవాళ్లు బయటపడతారు, అది చాలా విలువైన పని. కానీ ఏళ్లుగా వీధిలో ఉన్న పిల్లవాణ్ణి ఒక్క తనిఖీతో మార్చలేం. ఎంతమందిని పట్టుకున్నాం అన్నది కాదు, మూడు నెలల తర్వాత ఎంతమంది నిలిచారు అన్నది అడగాలి.

అందుకే పాతవాడికి తాళం వేసిన హోం కంటే ముందు ఓపెన్ షెల్టర్ మంచి మెట్టు. జువెనైల్ జస్టిస్ చట్టం 43వ సెక్షన్ కింద నడిచే ఈ షెల్టర్లు, కొద్దికాలం ఆసరా కావలసిన పిల్లలను వీధి బతుకు నుంచి కాపాడటానికే ఉన్నాయి. పగలు వచ్చి స్నానం చేసి, తిని, సామాను ఒక పెట్టెలో పెట్టి తాళం చెవి మెళ్లో వేసుకునే వీలుంటే వాడు రెండోరోజూ వస్తాడు. ఆ తాళం చెవిని చిన్న విషయం అనుకోకండి. చాలామంది పిల్లలకు ‘ఇది నాది’ అనదగ్గ మొదటి వస్తువు అదే అవుతుంది. స్నేహితులను విడదీయకుండా పక్కపక్క మంచాలు ఇవ్వడం, గుండు కొట్టించే ముందు అడగడం, వారానికోసారి గేటు దాటి బజారుకు తీసుకెళ్లడం లాంటి వాటికి పైసా ఖర్చు ఉండదు. పిల్లవాణ్ణి నిలబెట్టేవి ఇలాంటివే.

సొల్యూషన్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ తెలియక చేసే తప్పు ప్రాణం మీదికి తెస్తుంది. పంక్చర్ అతికించే జిగురు, థిన్నర్ లాంటి వాటిలో టోలుయీన్ వంటి ద్రావకాలుంటాయి. గుడ్డ మీద పిండి నోటితోనో, ప్లాస్టిక్ సంచిలో వేసి ముక్కుతోనో పీలుస్తారు. ఆకలి, చలి, భయం మూడూ కాసేపు మాయమవుతాయి. దాన్ని పట్టుకునేది అందుకే. మూతి చుట్టూ ఎర్రటి పొక్కులు, వేళ్ల మీద ఎండిన జిగురు పొర, రసాయనపు ఘాటు వాసన, తడబడే మాట గుర్తులు. మత్తులో ఉన్నవాణ్ణి ఎప్పుడూ తరమకండి, గదమకండి, చేతిలో గుడ్డ లాక్కోకండి. ఈ ఆవిర్లు గుండెను ఎంత సున్నితంగా మారుస్తాయంటే, ఒక్కసారిగా భయపడినా పరుగెత్తినా గుండె లయ తప్పి అక్కడికక్కడే ఆగిపోవచ్చు. ఎప్పట్నుంచో పీలుస్తున్నవాడికే కాదు, మొదటిసారి పీల్చినవాడికీ ఇది జరుగుతుంది. నెమ్మదిగా మాట్లాడుతూ గాలి తగిలే చోట కూర్చోబెట్టండి. చుట్టుపక్కల బీడీ, అగ్గిపుల్ల లేకుండా చూడండి, ఆవిరి అంటుకుంటుంది. స్పృహ తప్పితే పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. ఊపిరి ఆడకపోతే ఆపరేటర్ చెప్పినట్టు ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి. కొన్ని జిగురుల్లో ఉండే హెక్సేన్ కాళ్ల నరాలను దెబ్బతీస్తుంది. చాలాకాలంగా పీలుస్తున్న పిల్లవాడు పాదం ఈడుస్తూ నడుస్తుంటే దెబ్బ తగిలిందని వదిలేయకుండా ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. మైనర్లకు మత్తు పదార్థం ఇచ్చినవాళ్లకు అదే చట్టం (జువెనైల్ జస్టిస్) 77వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు కఠిన జైలు, లక్ష వరకు జరిమానా ఉంది.

గజ్జికి వైద్యం సులువే, చేసే పద్ధతిలోనే పొరపాటు జరుగుతుంది. డాక్టరు రాసే 5 శాతం పెర్మెత్రిన్ క్రీము దురద ఉన్నచోట మాత్రమే రాస్తే పోదు. మెడ నుంచి అరికాలి దాకా, వేళ్ల సందుల్లో, గోళ్ల కింద, బొడ్డులో, చంకల్లో, గజ్జల్లో రాత్రి పట్టించి 8 నుంచి 14 గంటల తర్వాత కడగాలి. వారం తర్వాత మళ్లీ ఒకసారి. ఒకే గదిలో పడుకునే అందరికీ ఒకేరోజు రాయాలి, దురద లేనివాళ్లకు కూడా. ఒక్కడికే రాస్తే వారంలో పక్కవాడి నుంచి మళ్లీ అంటుకుంటుంది. బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి, లేదంటే సంచిలో గట్టిగా మూటకట్టి కనీసం మూడు రోజులు పక్కన పెట్టాలి. పురుగు చచ్చాక కూడా రెండు నుంచి నాలుగు వారాలు దురద ఉంటుంది. అది చూసి మందు పనిచేయలేదని రోజూ పూస్తే చర్మం మండుతుంది. ఇదే సందర్భంలో కుక్కకాటు ఉందేమో కాళ్లు చూడండి. ఈ పిల్లలు కుక్కలతోనే పడుకుంటారు, చిన్న గీత పడితే చెప్పరు. తాజా గాయమైతే సబ్బుతో, పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి ఆరోజే రేబిస్ టీకా మొదలుపెట్టించాలి. రెండు వారాలకు మించిన దగ్గుంటే క్షయ పరీక్ష. ఇంకో మాట: యార్డులో నిలిపిన బోగీల పైకెక్కి పడుకునే పిల్లలుంటారు. పైన తీగలో 25 వేల వోల్టులు. తగలనక్కర్లేదు, దగ్గరికి వెళ్తే చాలు. ఈ మాట వాడికి ఎవరూ చెప్పి ఉండరు, మీరు చెప్పండి.

ఇల్లెక్కడో తెలుసుకోవడం ఒక విద్య. పిల్లవాడు మొదట చెప్పే పేరు, ఊరు చాలాసార్లు నిజం కావు. అబద్ధమాడుతున్నాడని కోప్పడితే రెండో పేరు కూడా రాదు. ‘ఎందుకు పారిపోయావు’ అని మొదలుపెట్టకండి. బడి పక్కన ఏముండేది, చెరువా గుడా సెల్ టవరా? బడిలో సారును ఏమని పిలిచేవాళ్లు? అమ్మ తిట్టేటప్పుడు ఏ మాట వాడేది? జాతర ఎప్పుడు జరిగేది? మీ ఊరి మీదుగా వెళ్లే బస్సు బోర్డు మీద ఏ ఊరి పేరు రాసి ఉండేది? ఈ చివరి ప్రశ్న బంగారం లాంటిది. ‘కొత్తపల్లి’ అంటే మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని కొత్తపల్లులున్నాయో లెక్కలేదు. ఆ బస్సు బోర్డు పేరు తెలిస్తే వెతకాల్సినవి ఒకటి రెండుకు వస్తాయి. మాట యాస జిల్లాను చెబుతుంది. ఆధార్ కూడా ఉపయోగపడుతుంది: హోంలో కొత్త ఆధార్ కోసం వేలిముద్రలు, కనుపాపలు తీస్తే ‘ఇప్పటికే నమోదైంది’ అని తిరస్కరణ వచ్చి, దాని ద్వారా తప్పిపోయిన పిల్లల ఇళ్లు దొరికిన సందర్భాలున్నాయి. ఐదేళ్లలోపు ఆధార్ తీసి తర్వాత బయోమెట్రిక్ చేయించని పిల్లలకు ఇది పనిచేయదు. తప్పిపోయిన పిల్లల ఫిర్యాదు ఎక్కడైనా నమోదై ఉందేమో కేంద్ర ప్రభుత్వ బాలల రక్షణ పథకమైన మిషన్ వాత్సల్య పోర్టల్‌లో పోల్చి చూడమని పోలీసులను అడగండి.

ఇల్లు దొరికిందనగానే బస్సెక్కించడం ఇంకో పెద్ద తప్పు. ఏ దెబ్బల వల్ల, ఏ తాగుడు వల్ల, ఏ సవతి పోరు వల్ల, ఏ పరీక్ష ఫలితం వల్ల బయటికి వచ్చాడో అది అక్కడే ఉంటే నెలలో మళ్లీ వస్తాడు. ఈసారి ఇంకా దూరపు స్టేషన్‌కు పోతాడు, మీకు కనపడడు కూడా. సమితి ఆదేశంతో జరిగే సామాజిక దర్యాప్తు 15 రోజుల్లో పూర్తి కావాలి, మొదట హాజరుపరిచిన నాలుగు నెలల్లో తుది ఉత్తర్వు ఇచ్చేలా చూడాలి. ఇల్లు వేరే జిల్లాలో ఉంటే అక్కడి సమితిని సంప్రదించి జువెనైల్ జస్టిస్ చట్టం 95వ సెక్షన్ కింద అప్పగిస్తారు. ఆడపిల్ల అయితే వెంట మహిళా పోలీసు వెళ్లాలి. పేదరికమే కారణమైతే మిషన్ వాత్సల్య కింద అర్హత గల కుటుంబానికి బిడ్డ కోసం నెలకు ₹4,000 స్పాన్సర్‌షిప్ ఉంది. జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి అర్జీ పెట్టాలి. చాలామంది తల్లులకు ఈ సంగతి తెలియదు. బిడ్డను అప్పగించే రోజే ఫారం నింపిస్తే మంచిది. ఆ తర్వాత మొదటి వారం, మొదటి నెల, తర్వాత వచ్చే పెద్ద పండగ, ఈ మూడు సార్లయినా ఎవరో ఒకరు వెళ్లి చూడాలి, కుదరకపోతే ఫోన్లో పిల్లవాడితో విడిగా మాట్లాడాలి. తండ్రి పక్కనుండగా ‘బాగున్నావా’ అంటే ఏ పిల్లవాడైనా బాగున్నాననే అంటాడు.

బడి విషయంలో పుట్టినతేదీ కాగితం లేదని చేర్చుకోకపోతే ఒప్పుకోకండి. 2009 విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ ప్రకారం వయసు ధ్రువపత్రం లేదన్న కారణంతో నిరాకరించకూడదు. 4వ సెక్షన్ ప్రకారం వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకుని, వెనకబడిన చదువుకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. పదకొండేళ్లవాణ్ణి ఒకటో తరగతి పిల్లల మధ్య కూర్చోబెడితే సిగ్గుతో రెండోరోజే మానేస్తాడు.

మీ స్నేహితులకు చెప్పండి, వాడి ఫొటో వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దని. మనం తల్లిదండ్రుల కోసం పెడతాం, వాణ్ణి వెతుకుతున్న ఏజెంటూ చూస్తాడు. పైగా జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద అది నేరం: ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. డబ్బు చేతికివ్వకండి, అది సాయంత్రానికి పెద్ద కుర్రాళ్ల చేతికో సొల్యూషన్‌కో పోతుంది. బిస్కెట్ ప్యాకెట్ ఇస్తే చించి ఇవ్వండి. చించని ప్యాకెట్ మళ్లీ కొట్టుకు చేరి సగం ధరకు డబ్బవుతుంది.

మీవాడి విషయంలో ఈ వారం ఇలా చేయండి. మూడు నాలుగు రోజులు ఒకే సమయానికి, ఒకే చోటికి వెళ్లి పది నిమిషాలు కూర్చోండి. హోం మాట ఎత్తకండి. మత్తు లేని పొద్దుటి పూట ‘అక్కడ నీకు ఏది నచ్చలేదు’ అని ఒక్క ప్రశ్న అడిగి, చెప్పింది వినండి. ఎవరైనా కొట్టారనో, ఇంకేదైనా చేశారనో చెబితే ఇక ఆగకండి, ఆరోజే 1098కీ సమితికీ చెప్పండి. అలాంటిదేమీ లేకపోయినా, హోం వదిలి వచ్చేశాడన్న సంగతి మాత్రం వాళ్లకు ముందే తెలిసి ఉండాలి. మీరు దాస్తున్నట్టు కాకూడదు. తర్వాత జిల్లా బాలల సంక్షేమ సమితికి ఒక పేజీ అర్జీ రాయండి. చైర్‌పర్సన్, నలుగురు సభ్యులుండే ఈ సమితి నెలకు కనీసం 20 రోజులు కూర్చోవాలి. సమావేశం లేని రోజున ఒక్క సభ్యుడి ముందైనా పిల్లవాణ్ణి హాజరుపరచవచ్చు. అదే చట్టం 31వ సెక్షన్ ప్రకారం పోలీసులే కాదు, మీలాంటి పౌరులూ తీసుకెళ్లవచ్చు, పిల్లవాడు తనంతట తానే వెళ్లవచ్చు. ఏ తేదీన చేరాడు, ఏ తేదీన బయటికొచ్చాడు, ఎందుకని వాడు చెప్పాడు, ఎన్నాళ్లుగా పీలుస్తున్నాడు అన్నవి రాసి, ఓపెన్ షెల్టర్‌లో పెట్టమని, ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్యుడికి చూపించమని, వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక కొత్తగా రాయమని అడగండి. నకలు మీద తేదీ, ముద్ర వేయించుకోండి. రాత్రి వాడి పక్కన పడుకునే కుర్రాడు ఎవరో కనుక్కుని, ఆ రెండోవాడి సంగతి కూడా అదే అర్జీలో రాసి, ఇద్దర్నీ ఒకే చోట పెట్టమని అడగండి.